నోట్ల కలెక్టర్లకు చెమటలు పట్టించే క్విజ్: ప్రశ్నల తయారీ నుంచి టైబ్రేకర్ దాకా

‘వెయ్యి రూపాయల నోటు ఇప్పటికి ఎన్నిసార్లు రద్దయింది?’ అని ఓ నలుగురు నోట్ల కలెక్టర్లను అడిగి చూడండి. ఒకాయనకు 2016 మాత్రమే గుర్తొచ్చి ‘ఒక్కసారే’ అంటాడు. ఇంకొకాయన మొరార్జీ దేశాయి హయాం కూడా కలిపి రెండంటాడు. తడుముకోకుండా ‘మూడు’ అన్నవాడు దొరికాడంటే, ఆయన ఆల్బమ్‌లో జార్జి రాజుల కాలం నాటి పేజీలు కూడా ఉన్నట్టే లెక్క. 1946 జనవరిలో ఒకసారి, 1978 జనవరిలో ఇంకోసారి, 2016 నవంబరులో మూడోసారి.

సేకరణ బాగా తెలిసినవాళ్లకు పెట్టే పోటీలో ప్రశ్న ఇలా ఉండాలి. వస్తువు అందరూ చూసిందే, అడిగిన కోణమే కొత్తది. జవాబు విన్నాక ‘అరే, ఇది నాకు తెలిసిందే కదా’ అనిపించాలి. ఎక్కడో కేటలాగు చివరి పేజీ ఫుట్‌నోట్‌లోంచి ఏరుకొచ్చిన సంగతి అడిగితే ఆ కేటలాగు కొన్నవాడికే మార్కులొస్తాయి, మిగతావాళ్లు టీ తాగడానికి లేచి వెళ్తారు.

క్లబ్బు నెలవారీ సమావేశంలోనో, నాణేలు-నోట్ల ఎగ్జిబిషన్‌లో ఓ మధ్యాహ్నమో ఇలాంటి పోటీ పెట్టాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. ముప్పై నలభై మంది, ఒక హాలు, ఒక ప్రొజెక్టర్, రెండు గంటల సమయం ఉంటే చాలు.

మొదటి అడుగు: గిరి గీసుకోవడం

‘ప్రపంచ నోట్లు’ అని పరిధి పెట్టుకుంటే క్విజ్ మాస్టర్ కూడా మునిగిపోతాడు. మన దగ్గర ఎక్కువమంది సేకరించేవి భారతీయ నోట్లే కాబట్టి 1861 నాటి పేపర్ కరెన్సీ చట్టం నుంచి ఇప్పటి దాకా అని గీత గీసుకోండి. ఆ చట్టంతోనే నోట్లు జారీ చేసే హక్కు ప్రైవేటు, ప్రెసిడెన్సీ బ్యాంకుల చేతిలోంచి పోయి ప్రభుత్వానికి దక్కింది. ఈ పరిధిని మళ్లీ నాలుగు అరలు చేయండి: బ్రిటిష్ ఇండియా నోట్లు, 1938 నుంచి 1996 దాకా రిజర్వ్ బ్యాంకు నోట్లు, మహాత్మా గాంధీ సిరీస్‌లు, నాలుగోది సంస్థానాలవి, విదేశాల్లో చెల్లుబాటు కోసం వేసినవి. ప్రతి అర నుంచీ దాదాపు సమానంగా ప్రశ్నలు తీయండి. లేకపోతే మీకు ఇష్టమైన కాలమే పోటీ అంతా ఆక్రమిస్తుంది.

ధరల ప్రశ్నలు మాత్రం వద్దేవద్దు. ‘ఈ నోటు వేలంలో ఎంత పలికింది’ అని అడిగిన మరుక్షణం హాలు బజారవుతుంది. అమ్మకాల టేబుళ్లు ఉంటే వాటిని వేరే గదిలో పెట్టించండి.

రెండో అడుగు: ప్రశ్న చెక్కడం

మీ శ్రమలో ముప్పాతిక భాగం ఇక్కడే పోవాలి.

‘గాంధీజీ బొమ్మతో వచ్చిన మొదటి నోటు ఏది?’ చూడ్డానికి మంచి ప్రశ్నే. కానీ ఒకరు 1996లో వచ్చిన మహాత్మా గాంధీ సిరీస్ అంటారు. ఇంకొకరు 1987 నాటి 500 నోటు అంటారు. మూడోవాళ్లు 1969 శతజయంతి నోట్లంటారు. సరైంది మూడోదే. కానీ ఆ సందర్భంలో 2, 5, 10, 100 నాలుగూ వచ్చాయి కాబట్టి ‘ఏ నోటు’ అంటే ఒక్క జవాబు లేదు. అదే ప్రశ్నను ఇలా తిప్పండి: ‘గాంధీజీ తొలిసారి రిజర్వ్ బ్యాంకు నోటు మీద కూర్చుని కనిపిస్తారు. ఆయన వెనక ఉన్నది ఏ ఆశ్రమం?’ జవాబు సేవాగ్రామ్. చాలామంది సబర్మతి అని పప్పులో కాలేస్తారు. ఇప్పుడు ప్రశ్న కష్టమైంది, జవాబు ఒక్కటే అయింది.

ఇంకో ఉదాహరణ. ‘పూర్తి రూపాయల్లో కాకుండా అణాలు కలిపి విలువ కట్టిన నోటు ఏది?’ అని అడిగితే, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో 1 రూపాయి నోటు వెనకే వచ్చిన 2 రూపాయల 8 అణాల నోటు మీ మనసులో ఉంటుంది. కానీ సంస్థానాల కూపన్లు సేకరించే పెద్దాయన ఒకరు లేచి, రెండో ప్రపంచ యుద్ధంలో చిల్లర కరువై కొన్ని సంస్థానాలు అణాల కూపన్లు వేశాయి, వాటి సంగతేంటంటారు. ఆయన అన్నదీ నిజమే. ‘భారత ప్రభుత్వం జారీ చేసిన’ అని రెండు మూడు మాటలు ముందే చేర్చి ఉంటే ఆ తలుపు మూసుకునేది. ప్రతి ప్రశ్నకూ ‘ఎవరు జారీ చేసిన’, ‘ఏ తేదీ నాటికి’, ‘ఏ సిరీస్‌లో’ అనే మూడు గొళ్లాలూ పడ్డాయో లేదో చూసుకోండి.

సంతకాల ప్రశ్నల్లో మరీ జాగ్రత్త. రిజర్వ్ బ్యాంకు మొదటి గవర్నర్ సర్ ఆస్బర్న్ స్మిత్ అని పిల్లలు కూడా చెబుతారు. కానీ ఆయన సంతకంతో ఒక్క నోటూ లేదు. 1938 జనవరిలో రిజర్వ్ బ్యాంకు తొలి నోటుగా 5 రూపాయలది వచ్చేనాటికి జేమ్స్ టేలర్ కుర్చీలో ఉన్నారు. కాబట్టి ‘మొదటి గవర్నర్ ఎవరు’ అన్నది జనరల్ నాలెడ్జ్. ‘రిజర్వ్ బ్యాంకు తొలి నోటు మీద సంతకం ఎవరిది’ అన్నదే మన ప్రశ్న.

రూపాయి నోటు ప్రభుత్వానిది కాబట్టి దాని మీద గవర్నర్ సంతకం ఉండదు, ఆర్థిక మంత్రిత్వ శాఖ కార్యదర్శిది ఉంటుంది. దీని మీద ఎవరైనా వేసే ప్రశ్న: ‘రూపాయి నోటు మీదా, వంద నోటు మీదా సంతకం ఉన్నదెవరిది?’ మన్మోహన్ సింగ్ అని జవాబు రాసుకుంటారు. కానీ వెంకటరమణన్ సంగతేంటి? ఆర్.ఎన్. మల్హోత్రా సంగతేంటి? ఆ వరసలో కార్యదర్శులుగా ఉండి గవర్నర్లయినవాళ్లు ఒకరు కాదు. దీన్ని ‘1994లో ఆగి 2015లో మళ్లీ మొదలైన రూపాయి నోట్ల మీద సంతకం చేసి, ఆ తర్వాత గవర్నర్ అయినది ఎవరు?’ అని బిగించండి. జవాబు శక్తికాంత దాస్. ఇక్కడా ఓ మెలిక ఉంది. ఆయన ‘ఆర్థిక కార్యదర్శి’గా కాదు, ఆర్థిక వ్యవహారాల విభాగం కార్యదర్శిగా ఉన్నప్పుడు సంతకం చేశారు. ప్రశ్నలో ‘ఆర్థిక కార్యదర్శి’ అని రాస్తే ప్రశ్నే తప్పయిపోతుంది.

జేబులో నోటే ప్రశ్నపత్రం

కలెక్టర్లను బాగా తిప్పలు పెట్టేవి అరుదైన నోట్ల ప్రశ్నలని అనుకుంటాం. నిజానికి వాళ్లు తడబడేది రోజూ చేతులు మారే నోటు దగ్గరే, ఎందుకంటే దాన్ని ఎవరూ పరికించి చూడరు.

వెనకవైపు భాషల పట్టీ తీసుకోండి. అందులో 15 భాషలు. ముందువైపు హిందీ, ఇంగ్లిషు కలిపితే 17. ‘నోటు మీద ఎన్ని భాషలు’ అన్నంత వరకూ సులువే. దీన్నే ఇలా అడగండి: ‘రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలున్నాయి. వాటిలో నోటు మీద చోటు దక్కనివి ఎన్ని? పేర్లు చెప్పండి.’ కొందరు ఠక్కున 22లోంచి 17 తీసేసి ఐదంటారు. ఇంగ్లిషు షెడ్యూలులో లేదని మరిచిపోతారు కాబట్టే ఆ పొరపాటు. జవాబు ఆరు: సింధీ, మణిపురి, బోడో, డోగ్రీ, మైథిలి, సంతాలీ. సంఖ్యకు సగం మార్కులు, ప్రతి పేరుకూ కొంచెం కొంచెం. దీని వెంటే ఓ చిన్న ప్రశ్న వేయొచ్చు: పట్టీలో తెలుగు పైనుంచి ఎన్నోది? భాషల పేర్లు ఇంగ్లిషు అక్షర క్రమంలో ఉంటాయని పట్టుకున్నవాళ్లకు నోటు చూడకుండానే 14 అని తెలిసిపోతుంది. తమిళానికీ ఉర్దూకీ మధ్య మనం.

నా దృష్టిలో అన్నిటికన్నా అందమైన ప్రశ్నలు కలుపుడు ప్రశ్నలు. ఒకటి చూడండి: ‘రెండు నోట్లు. రెండింటి వెనకా ఇస్రో అంతరిక్షంలోకి పంపినవే. ఒకటి మన శ్రీహరికోట నుంచి ఎగిరింది, ఇంకోటి సోవియట్ నేల మీంచి. ఒక నోటు విలువ రెండోదానికి వెయ్యి రెట్లు.’ ఆర్యభట్ట ఉన్న 2 రూపాయల నోటు, మంగళ్‌యాన్ ఉన్న 2000 నోటు. మూడు ఆధారాలిచ్చాం, ఏ ఒక్కటి పట్టుకున్నా మిగతావి విడిపోతాయి.

ఇంకోటి: ‘నోటు మీద ముద్రించిన సంవత్సరం రావడం, స్టార్ నోట్లు (అచ్చులో చెడిపోయినవాటి బదులు, నంబరులో నక్షత్రం గుర్తుతో పెట్టేవి) మొదలవడం, రూపాయి గుర్తు చేరడం. 2005, 2006, 2011 నాటి ఈ మూడు మార్పులప్పుడూ గవర్నర్లకు ఉన్న ఉమ్మడి అంశమేమిటి?’ మొదటి రెండింటికీ వై.వి. రెడ్డి, మూడోదానికి దువ్వూరి సుబ్బారావు. ఇద్దరూ తెలుగువారు. ఈ ప్రశ్న విజయవాడలోనో వరంగల్‌లోనో వేస్తే చప్పట్లు ఖాయం.

స్టార్ నోట్ల మీదే ఓ బుల్లి ఉచ్చు: ‘స్టార్ నోట్లు కలిసిన ప్యాకెట్‌లో ఎన్ని నోట్లుంటాయి?’ ఏదో తేడా ఉండే ఉంటుందని అతిగా ఆలోచించి కొందరు 99 అంటారు, కొందరు 101 అంటారు. ఎప్పటిలా వందే. వరస నంబర్లు మాత్రం తెగుతాయి, అంతే.

హైదరాబాదు అర

తెలుగు ఊళ్లో నోట్ల క్విజ్ పెట్టి ఉస్మానియా సిక్కా అడగకపోతే ఏం బాగుంటుంది! మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కటకట ఏర్పడితే 1918 నాటి కరెన్సీ చట్టంతో నిజాం రాజ్యం సొంత నోట్లు వేసుకుంది. ముందు 10, 100, 1919లో 1, 5, 1926లో 1000. నాసిక్‌లో ప్రెస్సు వచ్చాక వాటిని అక్కడే అచ్చు వేశారు. ఆ నోట్ల మీద ఉర్దూతో పాటు తెలుగు, కన్నడ, మరాఠీ కూడా కనిపిస్తాయి.

ఇక్కడ తేదీలు ఫసలీలో (నిజాం రాజ్యంలో వాడిన సంవత్సరాల లెక్కలో) ఉంటాయి కాబట్టి లెక్కల రౌండు ఒకటి పెట్టొచ్చు. ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం దాదాపుగా వస్తుంది. 1348 ఫసలీ అంటే 1938-39. ‘దాదాపుగా’ అన్నాను కాబట్టి జవాబులో ఏడాది అటూ ఇటూ ఒప్పుకుంటామని ముందే చెప్పాలి. మారకం మీద కూడా అడగొచ్చు. తెలంగాణ పెద్దవాళ్ల నోట్లో ఇప్పటికీ వినపడే హాలీ (నిజాం రూపాయి), కల్దారు (బ్రిటిష్ ఇండియా రూపాయి) ఇవే: ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు. ‘350 హాలీకి ఎన్ని కల్దార్లు?’ 300. కాలిక్యులేటర్ ఇవ్వకండి.

ఇదే అరలో గల్ఫ్ నోట్లు, హజ్ నోట్లు పడతాయి. 1959లో గల్ఫ్ దేశాల్లో చెలామణీ కోసం వేరే రంగుల్లో, నంబరు ముందు జెడ్ అక్షరం (ప్రిఫిక్స్) పెట్టి వేసినవి గల్ఫ్ నోట్లు. హజ్ యాత్రికుల కోసం హెచ్‌ఏ ప్రిఫిక్స్‌తో వేసినవి హజ్ నోట్లు. బొమ్మ చూపించకుండా ప్రిఫిక్స్ మాత్రం చెప్పి ఏ దేశం కోసమో అడిగితే అసలు కలెక్టర్ ఎవరో తేలిపోతుంది.

మూడో అడుగు: రుజువు చేర్చుకోవడం

ప్రతి ప్రశ్న కాగితం వెనక రుజువు రాసి పెట్టుకోండి: నోటే సాక్ష్యమైతే దాని ఫొటో, కాకపోతే రిజర్వ్ బ్యాంకు ప్రకటన తేదీ లేదా చట్టం పేరు. ‘ఎవరో చెప్పగా విన్నాను’ అన్నది రుజువు కాదు. కాలంతో మారే జవాబులకు తేదీ కట్టండి. ‘2000 నోటు చెల్లుతుందా?’ అని ఊరికే అడగొద్దు. ‘2023 మే 19న ఉపసంహరణ ప్రకటించినప్పుడు 2000 నోటు చట్టబద్ధ చెల్లుబాటు రద్దయిందా?’ అనండి. రద్దు కాలేదు. పేర్ల విషయమూ అంతే. 2001 నాటి ఎర్రటి 20 నోటు వెనక ఉన్నది అండమాన్‌లోని మౌంట్ హారియట్ నుంచి కనిపించే దృశ్యం. 2021లో ఆ కొండకు మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు. రెండు పేర్లూ జవాబు కాగితం మీద ఉండాలి.

ఆ తర్వాత పోటీలో పాల్గొనని ఒక పాత కాపుకు మొత్తం ప్రశ్నలు ఇచ్చి చూడండి. ఆయన జవాబు చెప్పగలడా లేదా అన్నది ముఖ్యం కాదు. ‘ఇంకో జవాబు కూడా ఉందే’ అన్నచోటల్లా ప్రశ్న మార్చేయండి.

నాలుగో అడుగు: బొమ్మలు, చట్టం

బొమ్మల రౌండు కోసం నోట్లను అసలు సైజులో రంగుల్లో జిరాక్స్ తీయొద్దు. నోటును పోలిన కాగితాలు తయారు చేయడం భారతీయ న్యాయ సంహిత 182వ సెక్షన్ కింద నేరం. తెర మీద చిన్న ముక్కను పెద్దది చేసి చూపించండి, చట్టంతో పేచీ ఉండదు, ప్రశ్నా కష్టమవుతుంది. కోణార్క్ చక్రం ముక్క ఒకటి చూపి ‘ఏ నోటు’ అంటే అందరూ ఇప్పటి 10 నోటంటారు. 1980ల నాటి 20 నోటు మీదా అదే చక్రం ఉంది కదా! రెండూ చెప్పినవాళ్లకే పూర్తి మార్కులు.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఇంకో ప్రశ్న. 2016లో రద్దయిన 500, 1000 నోట్లు అధ్యయనం, పరిశోధన, సేకరణ కోసం గరిష్ఠంగా ఎన్ని దగ్గర పెట్టుకోవచ్చు? 2017 చట్టం ప్రకారం 25. మామూలు వ్యక్తికి 10. కలెక్టర్లందరికీ తెలిసి తీరాల్సిన సంగతి ఇది, అయినా హాల్లో గుసగుసలు మొదలవుతాయి.

ఐదో అడుగు: రౌండ్లు

ముందు రాత పరీక్ష, 20 ప్రశ్నలు, 25 నిమిషాలు. ఇద్దరేసి జట్లు. పైన వచ్చిన ఆరు జట్లు వేదిక మీదకు. రాత పరీక్షలో ఒక ప్రశ్న గళ్లదై ఉండాలి: 500, 1000, 5000, 10000 నోట్లు ఒక్కోటి ఎన్నిసార్లు రద్దయ్యాయో నాలుగు గళ్లు నింపడం. జవాబు 2, 3, 1, 2. 1954లో వెయ్యి, ఐదు వేలు, పదివేలు తిరిగొచ్చినా 500 మాత్రం 1987 దాకా రాలేదని తెలిస్తేనే మొదటి గడి సరిగ్గా పడుతుంది.

వేదిక మీద పౌన్స్, బౌన్స్ పద్ధతి బాగా నడుస్తుంది. ఒక జట్టు చెప్పలేకపోతే ప్రశ్న పక్క జట్టుకు పోవడం బౌన్స్. ఇక పౌన్స్ అంటే: ప్రశ్న తమ వంతు కాకపోయినా ధీమా ఉన్న జట్టు చీటీ మీద జవాబు రాసి ఇవ్వొచ్చు. సరైతే పది, తప్పితే మైనస్ పది. వంతు ప్రకారం వచ్చిన ప్రశ్నకు మైనస్ పెట్టకండి. పెడితే కొత్తవాళ్లు నోరు మెదపరు.

తప్పకుండా పెట్టాల్సింది స్పర్శ రౌండు. కళ్లకు గంతలు కట్టి ఇప్పటి 100, 200, 500 నోట్లు చేతికివ్వండి. అంచుల దగ్గర బొటనవేలు ఆనించి నెమ్మదిగా జరిపితే ఉబ్బెత్తు గీతలు తగులుతాయి: వందకు నాలుగు, ఐదు వందలకు ఐదు. రెండు వందలకు కూడా నాలుగే, కానీ మధ్యలో రెండు చిన్న వలయాలుంటాయి. వంద మీద త్రిభుజం, ఐదు వందల మీద వృత్తం కూడా ఉబ్బెత్తుగానే ఉంటాయి. చూపు లేనివాళ్ల కోసం పెట్టిన ఈ గుర్తులు యాభై ఏళ్లుగా నోట్లు పోగేస్తున్నవాళ్లకు కూడా అంత త్వరగా అందవు. బ్యాంకు ప్యాకెట్‌లోంచి తీసిన కొత్త నోట్లే వాడండి. నలిగిన నోటు మీద ఉబ్బు అరిగిపోతుంది. పొడవు కొలిచి చెప్పే తెలివైనవాళ్లూ ఉంటారు: 142, 146, 150 మిల్లీమీటర్లు. నోట్లను పక్కపక్కన పెట్టి పోల్చుకోకుండా ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వండి.

ఆరో అడుగు: గొడవలు

గొడవ రాకుండా ఉండదు. నిబంధన ఒక్కటే: తర్వాతి ప్రశ్న చదివేలోపే అభ్యంతరం చెప్పాలి, ఆధారం ఏమిటో చెప్పాలి. పోటీలో లేని ఇద్దరు పెద్దలు రెండు నిమిషాల్లో తేల్చాలి. సందేహం మిగిలితే ప్రశ్ననే కొట్టేసి రిజర్వులో ఉన్నది వేయాలి. అందుకే రౌండుకు రెండు ప్రశ్నలు అదనంగా పట్టుకెళ్లండి. క్విజ్ మాస్టర్ మాత్రం వాదనకు దిగకూడదు.

బహుమతిగా నగదు వద్దు. కొత్త రూపాయి నోట్లు వరస నంబర్లతో పదో, ఒక యూఎన్‌సీ (చెలామణీలోకి వెళ్లని, మడత పడని) స్టార్ నోటో, నాలుగు మంచి ఆల్బమ్ పేజీలో ఇస్తే కలెక్టర్ ఇంటికెళ్లాక కూడా గుర్తుంచుకుంటాడు.

టైబ్రేకర్‌కు అంకె ప్రశ్నే పెట్టండి, దగ్గరగా వచ్చినవాళ్లు గెలుస్తారు. ఒకటి ఇస్తున్నాను: ‘కొత్త మహాత్మా గాంధీ సిరీస్‌లో 10, 20, 50, 100, 200, 500, 2000 నోట్లు ఒక్కోటి తీసుకుని పొడవు వరసలో కొనకు కొన తాకేలా పేరిస్తే మొత్తం పొడవెంత?’ 991 మిల్లీమీటర్లు. మీటరుకు తొమ్మిది మిల్లీమీటర్లు తక్కువ.